వంటయింటి పొగ – ఇంటివారి చేతిపని

కోటలను గూర్చియు, దేవాలయములను గూర్చియు, రాజప్రాసాదములను గూర్చియు మన చరిత్రకారులు ఎన్నో గ్రంథములు రచించిరి. ఏ గోపురమును ఏ రాజు ఎత్తించెనో, ఏ చెరువును ఏ మంత్రి త్రవ్వించెనో శాసనములు చెప్పుచున్నవి. కాని వంటయింటిలోని పొయ్యిని ఎవరు కట్టిరో చెప్పు శాసనము లేదు. అది రాజులు కట్టించినది కాదు. శిల్పులు చెక్కినది కాదు. ఇల్లాలు తన చేతులతో మన్ను పిసికి, తన గిన్నెలకు తగిన కొలతను తానే చూచుకొని కట్టుకొన్నది. తరతరములుగా లక్షల ఇండ్లలో జరిగిన ఈ నిర్మాణమునకు మేస్త్రీ లేడు, కూలి లేదు, పటము లేదు.

ఆ పొయ్యితోపాటు పొగయు మన ఇండ్లలో కాపురము చేసెను. ఆ పొగను వెడలగొట్టుటకు 20వ శతాబ్ది నడిమిభాగము నుండి మన దేశములో జరిగిన ప్రయత్నములకు ఒక చరిత్ర కలదు. అందులో హైదరాబాదు నగరమునకు గౌరవప్రదమైన స్థానమున్నది. పొయ్యిని మార్చుట ఎవరి పని? ప్రభుత్వముదా, శాస్త్రజ్ఞునిదా, ఇంటివారిదా? ఈ చరిత్ర పొడవునను ఈ ప్రశ్నయే మరల మరల వినబడుచున్నది.

ముందుగా పాత వంటయిల్లు ఎట్లుండెడిదో ఒకసారి తలచుకొందము. వాస్తుశాస్త్రము వంటకు ఆగ్నేయ దిక్కును నిర్దేశించెను. ఆ మూలను మూడు రాళ్ళు పేర్చినచో పొయ్యి. కొంచెము స్థితిగతులున్న ఇంట మట్టితో మెత్తిన పొయ్యి, దాని ప్రక్క జంటపొయ్యి, అన్నము ఉడికినపిదప పాలు కాచుకొనుటకు కుంపటి. ఎండిన కట్టె దొరికిననాడు కట్టె. దొరకనినాడు పిడకలు, కందికంప, ప్రత్తికట్టె. వానకాలమున తడిసిన పుల్లలు మండక, ఇల్లాలు ఊదుగొట్టముతో ఊదుచు, కొంగుతో కన్నులొత్తుకొనుచు కూర్చుండెడిది. ఆమె ప్రక్కనే చంటిబిడ్డ ఉండెడివాడు. గోడలు నల్లబడెడివి, దూలములకు మసి వ్రేలాడెడిది.

ఇంత బాధపడుచు కూడ మనవారు పొగను ఏల సహించిరి? తెలియక అనుట తొందరపాటు. పొగవలన కొన్ని ప్రయోజనములుండెను. తాటాకు కప్పునకును, గడ్డి కప్పునకును పురుగు పట్టకుండ పొగ కాపాడెడిది. చూరునకు కట్టిన విత్తనపు మొక్కజొన్న కంకులను పురుగు ముట్టకుండెడిది. దోమలు దూరముగా పోయెడివి. పొగను తీసివేయదలచినవారు ఈ లాభములకు బదులేమి చూపుదురని పల్లెటూరి ముసలమ్మ అడిగినచో, ఆ ప్రశ్నలో న్యాయమున్నది. దానిని లెక్కచేయని సంస్కర్తలు తరువాతి కాలమున ఇబ్బంది పడిరి.

పొగ అనునది పూర్తిగా మండని కట్టె. కట్టె వేడెక్కినప్పుడు అందుండి వాయువులు వెలువడును. వానికి తగినంత గాలియు, తగినంత వేడియు లభించినచో అవి మంటయై వెలుగును. లభించనిచో పొగయై కన్నులలో పడును. మూడు రాళ్ళ పొయ్యిలో మంట నాలుగు దిక్కులకును చెదరిపోవును. వేడిలో అధికభాగము గిన్నెకు తగులక గాలిలో కలియును. కావున పొగయు, కట్టె వృథాయు ఒకే దోషమునకు రెండు ముఖములు. ఈ సంగతి తెలిసినవారికి రెండు ఉపాయములు తోచును. ఒకటి, మంటను మూసిన గదిలో ఉంచి, దాని వేడిని ఒక గిన్నె క్రిందనుండి మరియొక గిన్నె క్రిందికి నడిపించుట. రెండు, మిగిలిన పొగను గొట్టము ద్వారా ఇంటి కప్పుపైకి పంపుట. వేడిగాలి తేలిక, కావున పైకి పోవును. అది పోవుచు తన వెనుక క్రొత్తగాలిని పొయ్యిలోనికి లాగును. ఊదుగొట్టము చేయు పనిని పొగగొట్టము తానే చేయును.

మన దేశములో ఈ సూత్రమును మట్టిపొయ్యికి అన్వయించిన తొలి ప్రయత్నములలో ఒకటి వార్ధాలో జరిగెను. 1934లో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము ఏర్పడెను. దాని కార్యస్థానమునకు, గాంధీమహాత్మునికి ఆశ్రమ నిర్వహణలో కుడిభుజమై 1928లో మరణించిన మగన్‌లాల్ గాంధి పేర మగన్‌వాడి అని పేరు పెట్టిరి. సంఘమునకు కార్యదర్శి జె. సి. కుమారప్ప. గానుగ, తేనె, చేతికాగితము, దంపుడు బియ్యము మున్నగు వానిపై అచ్చట పరిశోధనలు జరిగెను. పొయ్యియు ఆ పరిశోధనలో చేరెను. 1947 ప్రాంతమున వెలువడిన ఆ పొగలేని పొయ్యికి మగన్ చూల్హా అని పేరు. మట్టితోనే కట్టునది, పల్లెలోనే తయారగునది, కొనవలసినది ఏమియు లేనిది కావలెనని దానిని తలపెట్టినవారి పట్టుదల.

దాదాపు ఆ కాలముననే హైదరాబాదులో ఇంకొక ప్రయత్నము సాగెను. ఇంజనీరింగు పరిశోధనాలయమన్న వెంటనే ఆనకట్టలును, వంతెనలును మన మనస్సునకు వచ్చును. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన శ్రీ ఎస్. పి. రాజు తన దృష్టిని పల్లెటూరి పొయ్యివైపు త్రిప్పిరి. వారి పరిశ్రమఫలముగా 1953లో మద్రాసునుండి ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము వెలువడెను. కోట్లాది ప్రజలకు పొగలేని వంటిండ్లు అని దాని పేరునకు అర్థము. ఆ పరిశోధనాలయపు ఆంగ్లనామములోని మొదటి అక్షరములు కూర్చి ఆ పొయ్యిని హెర్ల్ చూలా అని లోకము పిలిచెను. పొయ్యిల చరిత్రను గూర్చి తరువాత వ్రాసిన విదేశీయులు కూడ ఈ పేరును మరువలేదు.

ఆ పుస్తకములో శ్రీ రాజు వంటయింటి స్త్రీకి ఐదు స్వేచ్ఛలు కావలెననిరి. పొగనుండి, మసినుండి, సెగనుండి, వృథానుండి, అగ్నిప్రమాదమునుండి ఆమెకు విముక్తి కలుగవలెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తదినములవి. స్వాతంత్ర్యమను మాట సభావేదికల మీద మ్రోగుచున్న కాలమున, ఆ మాటను పొయ్యి యొద్ద కూర్చున్న ఆడుదానికి అన్వయించుట చిన్న విషయము కాదు.

ఆ పొయ్యి ఏర్పాటు సులభముగా తెలియును. కట్టె వేయు నోరు ఒక్కటే. మొదటి గిన్నె క్రింద మంట. ఆ వేడి మట్టిలో మలచిన సొరంగము గుండ రెండవ గిన్నె క్రిందికి, అచ్చటినుండి ముందునకు సాగి, తుదకు గోడప్రక్క నిలిపిన గొట్టములో ప్రవేశించును. ఒకే కట్టెతో అన్నము ఒకచోట, పప్పు ఒకచోట ఉడుకును. చివరి గిన్నెలో నీళ్ళు కాగును. గాలిని అదుపుచేయుటకు దారిలో ఒక పలక అడ్డముగా అమర్తురు. దానిని మూయుచు తెరచుచు మంటను హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును.

ఇక కట్టు విధానము. ఇందు క్రొత్తది తక్కువ, మన ఇల్లాండ్రకు తెలిసినదే ఎక్కువ. పుట్టమన్ను గాని బంకమన్ను గాని తెచ్చి, రాళ్ళు ఏరి, ఇసుకను, ఊకను లేక తరిగిన గడ్డిని, పేడను కలిపి నానవేయుదురు. కాళ్ళతో త్రొక్కి త్రొక్కి మెత్తపరతురు. బంక ఎక్కువైనచో ఆరునప్పుడు నెర్రెలు విచ్చును. ఇసుక ఎక్కువైనచో రాలిపోవును. ఏ ఊరి మట్టికి ఏ పాలు సరిపోవునో ఆ ఊరి చేతులకే తెలియును. మెత్తిన దిమ్మె కొంచెము గట్టిపడినపిదప, తాను నిత్యము వాడు గిన్నెలనే దానిపై నిలిపి, వాని చుట్టుకొలతకు రంధ్రములు మలచుకొనవలెను. గిన్నెకును రంధ్రమునకును నడుమ సందు ఉన్నచో పొగ ఆ సందునుండియే బయటపడును. గొట్టమునకు కుమ్మరి చేసిన మట్టిగూనలు చాలును. అది కప్పునకు పైగా లేవవలెను, వాన పడకుండ మూత ఉండవలెను, తాటాకునకు తగులకుండ చుట్టును ఎడముండవలెను. తరువాత నీడలో కొన్నాళ్ళు ఆరనిచ్చి, పేడతో అలికినచో పని ముగియును.

ఈ విద్య గ్రామములకు చేరుటకు ఒక అవకాశము లభించెను. 1952 అక్టోబరు 2న మన దేశములో సమాజవికాస పథకములు ప్రారంభమయ్యెను. గ్రామసేవకులును, గ్రామసేవికలును పల్లెలకు పోయి, ఎరువుల గుంట, మంచి విత్తనము, పొగలేని పొయ్యి, ఇంకుడుగుంట అను వానిని బోధించిరి. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. వంటయిల్లు బాగుచేయుట యనగా పొయ్యి ఒక్కటే కాదు. పొయ్యికి ఎదురుగా ఒక కిటికీ, నిలువెత్తున గిన్నెల పలక, అంట్లు తోము చోటునుండి మురుగు నిలువకుండ కాలువ, దాని చివర ఇంకుడుగుంట, పెరటి గుమ్మము ప్రక్క పొలమునుండి వచ్చినవారు కాళ్ళు కడుగుకొనుటకు ఒక రాయి, నీళ్ళ గోలెము. బురదకాళ్ళతో లోనికి వచ్చుట మన పెద్దలకు ఎన్నడును సమ్మతము కాదు. ఉన్న ఆచారమునకు రాయిని, కాలువను చేర్చినచో అది ఆరోగ్యసూత్రమగును. వీనిలో ఏ ఒక్కటియు పెద్ద ధనముతో కూడిన పని కాదు. తీరిక దినములలో ఇంటివారు తమంతట చేసికొనదగిన పనులే.

అయినను పొగలేని పొయ్యి అనుకొన్నంతగా వ్యాపింపలేదు. కారణములను వెదకుటకు దూరము పోనక్కరలేదు. పెద్ద దుంగలను చీల్చుటకు తీరిక లేని ఇల్లాలు పొయ్యి నోటిని పగులగొట్టి వెడల్పు చేసెను. దానితో గాలి లెక్క తప్పెను. క్రొత్త గిన్నె కొన్నప్పుడు రంధ్రమునకు సరిపడదయ్యెను. గొట్టములో మసి పేరుకొని దారి మూసికొనిపోగా పొగ మరల ఇంటిలోనికే వచ్చెను. ఒకచోట వాన కారెను; ఇంకొకచోట గొట్టము విరిగెను. విరిగినదానిని మరల నిలుపుటకు కట్టినవాడు ఊరిలో లేడు. ఒకే గిన్నె కాచుకొనవలసిన పేదయింటికి మూడు గిన్నెల పొయ్యి అక్కరలేనిదయ్యెను. పొయ్యి దోషము కొంత, నేర్పినవారి దోషము కొంత. కట్టి చూపుట జరిగెను గాని, కట్టు విద్యయు, కాపాడు విద్యయు ఇంటివారి సొత్తు కాలేదు.

1973లో పెట్రోలు ధరలు ప్రపంచమును కుదిపెను. మరి రెండేండ్లకు, పేదదేశములలో అసలైన ఇంధనసమస్య కట్టెల కరువు అని కొందరు పరిశీలకులు ప్రకటించిరి. అడవులు తరుగుచున్నవను భయముతో పొయ్యి మరల శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, గ్రామములకు తగిన సాంకేతిక విద్యకై 1974లో ఏర్పడిన ఆస్త్ర విభాగము, మూడు గిన్నెల పొయ్యినొకదానిని రూపొందించెను. కన్నడమున పొయ్యిని ఒలె అందురు గనుక అది ఆస్త్ర ఒలె అయ్యెను.

ఉత్తరమున ఇంకొక దారి కనబడెను. చండీగఢ్ సమీపమున, హర్యానాలోని నాడా అను గ్రామములో, 1980 తరువాతి తొలి యేండ్లలో, మధు సరీన్ అను విదుషి స్త్రీలతో కలిసి పనిచేసిరి. పొయ్యి ఎట్లుండవలెనని వారినే అడిగిరి. రొట్టె కాల్చుటకు నిప్పులు ముందుకు లాగుకొను వీలు కావలెనని, ఇంటి మూలకు ఇమడవలెనని, వారు చెప్పినట్లెల్ల మార్పులు జరిగెను. అంతకంటె ముఖ్యముగా, గ్రామ స్త్రీలే పొయ్యి మేస్త్రీలుగా శిక్షణ పొందిరి. ఊరిలో కట్టగలిగినవారు ఊరిలోనే ఉండిరి. పాడైనచో పిలిచినంత దూరములో ఉండిరి. నాడా చూల్హాకు కీర్తి తెచ్చినది మట్టి కొలతలకంటె ఈ ఏర్పాటే అని చెప్పవచ్చును.

ఆ దినములలోనే పొగను గూర్చి మన భావన మారెను. అంతవరకు పొగ కన్నులకు బాధ, గోడలకు మసి. ముఖ్యముగా కట్టెల వృథా. కిర్క్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, భారతీయ సహచరులును గుజరాతు గ్రామములలో వంట చేయు స్త్రీలకు చిన్న గాలి పరీక్షాయంత్రములు తగిలించి, వారు పీల్చు పొగను కొలిచి, ఫలితములను 1983లో ప్రకటించిరి. నగరవీథులలోని పొగకంటె పల్లె వంటయింటిలోని పొగ ఎన్నో రెట్లు దట్టముగా ఉండెను. తరువాతి పరిశోధనలు ఈ పొగకును, పసిబిడ్డల ఊపిరితిత్తుల వాపునకును, స్త్రీల శ్వాసకోశవ్యాధులకును గల సంబంధమును స్పష్టము చేసెను. ఇంటిలోని పొగవలన కలిగిన రోగములతో 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఊదుగొట్టము పట్టి దగ్గుచు కూర్చున్న మన అవ్వల దగ్గు వయస్సు వలన వచ్చినది మాత్రమే కాదని తెలిసెను.

ప్రభుత్వము పెద్ద యెత్తున పూనుకొనెను. 1983 చివర ప్రదర్శన పథకముగా మొదలై, తరువాత జాతీయ కార్యక్రమమైన మెరుగైన పొయ్యిల పథకము 2002 వరకు సాగెను. 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టిరని లెక్క. లెక్క గొప్పది. కాని కట్టిన వానిలో ఎన్నియో కొలదికాలములోనే మూలపడెను. పొయ్యికి ఇంత అని లక్ష్యము విధించినచోట, సంఖ్య నెరవేరుటయే పని అయ్యెను. కట్టినవాడు తన లెక్క వ్రాసికొని పోయెను. ఇల్లాలు గొట్టము మూసికొన్ననాడు మూడు రాళ్ళను మరల తెచ్చుకొనెను.

ఈ సంగతిని ఒడిశాలో జరిగిన ఒక దీర్ఘపరిశీలన మరియు దృఢపరచెను. రెమా హన్నా, ఎస్తర్ డూఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, పొగగొట్టపు పొయ్యిలు కట్టించుకొన్న ఇండ్లను నాలుగేండ్ల వరకు గమనించి 2012లో తమ ఫలితములను వెల్లడించిరి. మొదటి యేట వంట చేయువారు పీల్చు పొగ తగ్గెను. తరువాత ఆ లాభము కరగిపోయెను. ఇంటివారు పొయ్యిని క్రమముగా వాడలేదు, బాగుచేసికొనలేదు. అచ్చట ఇంటివారు మట్టి తెచ్చిరి, కాయకష్టము చేసిరి, కొంత రుసుమును చెల్లించిరి. అయినను ఇట్లు జరిగెను. కావున చేయి కలిపినంత మాత్రముననే ఆ వస్తువు మనది కాదని తెలియవలెను. కట్టుట ఒకనాటి పని. కాపాడుట నిత్యము చేయవలసిన పని. వాకిలి అలుకుటను, ముగ్గు పెట్టుటను ఎవరును చెప్పకయే ప్రతి ఉదయమును చేయు మన ఇండ్లలో, గొట్టము దులుపుట ఆ వరుసలో చేరలేదు. చేర్చుటకు ఎవరును ఓపికతో కూర్చుండలేదు.

ఈలోపల వేరొక మార్గము తెరువబడెను. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద పేదకుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చుటకు పూనుకొనెను. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము, 2019 నాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చెను. పొగలేని వంటయిల్లు అను కల, శ్రీ రాజు ఊహించిన మట్టిగొట్టముతో కాక, ఇనుప సిలిండరుతో చాల ఇండ్లకు వచ్చెను. ఇది నిజముగా సంతోషింపదగిన మార్పు.

కాని కథ అంతటితో ముగియలేదు. సిలిండరు నిండుకొన్నప్పుడు, చేతిలో పైకము లేనప్పుడు, పెరటిలోని పొయ్యి మరల రాజుకొనుచున్నది. నీళ్ళు కాచుటకు, పశువుల దాణా ఉడికించుటకు, పెండ్లివంటలకు, సంక్రాంతి పిండివంటలకు కట్టెపొయ్యియే నేటికిని పల్లెలలో కూడుబెట్టుచున్నది. గ్యాసు వచ్చిన ఇంటిలోను పొగ పూర్తిగా పోలేదు. కావున పాత విద్యకు పని తీరలేదు. పెరటి పొయ్యికి చక్కని నోరు, గిన్నెకు సరిపడు అంచు, పైన గొట్టము, గొట్టమునకు మూత ఉన్నచో, ఆ పొయ్యి ప్రక్క ఆడుకొను బిడ్డ ఊపిరికి కొంత రక్ష కలుగును. గొట్టము పొగను మాయము చేయదు. ఇంటినుండి వీథికి పంపును. ఇరుకు వాడలలో అది ప్రక్కింటికి పోవును. ఎండిన, చీల్చిన కట్టెను కొద్దికొద్దిగా వేసి పొగ పుట్టకుండ చూచుట అన్నిటికంటె మేలైన పద్ధతి.

ఈ డెబ్బది యేండ్ల చరిత్రనుండి గ్రహింపదగినది ఒక్కటే. ఇల్లు బాగుచేయువారు బయటనుండి రావచ్చును. బాగుగా ఉంచువారు ఇంటిలోనివారే. వార్ధాలోను, హైదరాబాదులోను పొయ్యిని మట్టితోనే కట్టవలెనని పట్టుబట్టినవారు, మట్టి చౌక అని మాత్రమే అట్లు చేయలేదు. మట్టి పని మన స్త్రీలకు వచ్చును. వచ్చిన పనిలో క్రొత్తది చేర్చుట సులభము. తాను చేసినదానిని తానే దిద్దుకొనవచ్చును. ఆ ఆలోచన సరియైనదే. అది నిలిచినచోట, నాడా గ్రామములో వలె, ఇంటి పొయ్యికి ఊరి చేయి తోడైనది. దానిని మరచి లెక్కలు పెంచినచోట పొయ్యిలు పగిలినవి.

ఇంటి ముందరి అరుగును అందముగా తీర్చుకొందుము, గుమ్మమునకు పసుపు పూయుదుము, పండుగనాడు గోడలకు సున్నము వేయుదుము. రానున్న పండుగకు సున్నపు కుంచె పట్టిన చేతితోనే ఒకసారి పొగగొట్టమును దులిపి, కిటికీ రెక్కలు సరిగా తెరచుకొనుచున్నవో లేదో చూచి, పెరటి గుమ్మమునొద్ద కాళ్ళు కడుగు రాయి క్రింద నీరు నిలిచినదేమో గమనించినచో, అది గృహలక్ష్మికి చేసిన మంచి పూజయగును. ఆ పని ఇల్లాలిదే కానక్కరలేదు, అన్నము తినువారందరిదియు.